దారాన్ని అడిగితే చెబుతుంది

రండర్రా, ఇలా అరుగు మీదికి రండి. కరెంటు వచ్చేదాకా మనకిక కబుర్లే పని. పొద్దున మన వీధిలోకి పోలీసు జీపు వచ్చిందని చిన్నోడు పరుగెత్తుకొచ్చాడు. "తాతయ్యా, భుజం మీద రెండు చుక్కలు, ఎరుపూ నీలం రిబ్బనూ! ఎవరాయన?" అన్నాడు. ఎస్సై నాయనా. మూడు చుక్కలుంటే సీఐ. చూశారా, మొహం చూడకుండానే మనిషి హోదా చెప్పేశాం.

అసలు ఆ పట్టీ హోదా కోసం పుట్టలేదు. పూర్వం యూరప్ సిపాయిలు తూటాల సంచీని భుజం మీంచి అడ్డంగా వేలాడేసుకునేవాళ్లు. నడిచేకొద్దీ ఆ వారు జారిపోతుంటే, భుజం మీద ఓ గుడ్డముక్క కుట్టి, బొత్తాం పెట్టి బిగించారు. పమిట జారకుండా పెట్టుకున్న పిన్నే పోనుపోనూ నగ అయిపోలేదూ? అలాగే దీని మీదికీ చుక్కలూ జరీ చేరాయి.

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మనీ పట్టీలైతే ఓ పెద్దబాలశిక్షే. చిన్న అధికారుల పట్టీ మీద వెండిరంగు తాడు నిలువు వరసల్లో సాపుగా ఉంటుంది. మేజర్ నుంచి కర్నల్ దాకా అదే తాడును జడలా అల్లుతారు. జనరల్‌కి ఎర్రగుడ్డ మీద బంగారం, వెండి, బంగారం కలిపిన జడ. కింద పరిచిన గుడ్డ రంగు చూస్తే ఏ దళమో తెలుస్తుంది. తెలుపు కాల్బలం, ఎరుపు ఫిరంగులు, నలుపు వంతెనలు కట్టేవాళ్లు. యుద్ధ ట్యాంకులవాళ్లది గులాబీ రంగు! నవ్వకండర్రా, నిజమే. పోలీసుల్లో పట్నం వాళ్లది ఆకుపచ్చ, పల్లెల్లో తిరిగే వాళ్లది నారింజ.

ఇప్పుడు అసలు సంగతి. ఇవి దాచుకునే సరదా ఉన్నవాళ్లు లోకమంతటా ఉన్నారు. గిరాకీ ఉన్నచోట నకిలీ ఉంటుంది, పాలున్నచోట నీళ్లున్నట్టు. సినిమాలకీ నాటకాలకీ కుట్టించినవే పాతబడి అసలు పేరుతో అమ్ముడుపోతుంటాయి. మరి కనిపెట్టడం ఎలా?

ముందు చుక్కలు లెక్కపెట్టాలి. హిట్లర్ కాలంలో లెఫ్టినెంట్‌కి చుక్కే లేదు. పై లెఫ్టినెంట్‌కి ఒకటి, కెప్టెన్‌కి రెండు, అంతే. సాపు తాడు మీద నాలుగు చుక్కలు కనిపించాయనుకోండి, అది 1956లో ఏర్పడ్డ తూర్పు జర్మనీ సైన్యపు కెప్టెన్‌ది. పట్టీ పాత అచ్చులోనే ఉన్నా చుక్కల లెక్క సోవియట్ వాళ్లది. ఇది నకిలీ కాదు పాపం, వేరే ఇంటి బిడ్డ. అమ్మేవాడే ఇంటిపేరు మార్చేస్తాడు.

తర్వాత దారం. మా అమ్మమ్మ పట్టుచీర జరీ ఏళ్లు గడిచేసరికి నల్లబడింది. "ఇత్తడి జరీ అంటగట్టాడు కొట్టువాడు" అని నేను ఒకటే గోల. ఆవిడ నవ్వి, వెండి చెంచాతో నాకు కోడిగుడ్డు తినిపించింది. చెంచా నల్లబడింది! గుడ్డులోనూ గాలిలోనూ ఉన్న గంధకం వెండిని పట్టుకుని నల్లటి పూత వేస్తుంది. చీర నల్లబడటమే అందులో వెండి ఉందనడానికి గుర్తన్నమాట. 1918కి ముందు, జర్మనీకి చక్రవర్తి ఉన్న రోజుల్లో, పట్టీలకు వాడింది చాలావరకు వెండి తీగె. అది మా అమ్మమ్మ జరీలాగే నల్లబడుతుంది. హిట్లర్ నాటిది అల్యూమినియం దారం. మన సత్తుగిన్నెలాగా మసకబారుతుందే గానీ నల్లబడదు. రెంటినీ తారుమారు చేసి కథ చెబితే దారమే అడ్డం తిరుగుతుంది.

యుద్ధం ముదిరేకొద్దీ ఆ దేశంలో రాగికీ ఉన్నికీ కరువొచ్చింది. అధికారుల చుక్కలు మొదట బంగారు పూత వేసిన ఇత్తడివి. తర్వాత జింకు మీద పల్చటి పూత. అరిగిపోతే లోపల బూడిదరంగు బయటపడుతుంది. మామూలు సిపాయిల పట్టీ గుడ్డకు ముదురాకుపచ్చ పోయి, 1940 నుంచి బూడిద పచ్చ వచ్చింది. ఉన్నిలో కర్ర గుజ్జుతో తీసిన నార కలిపారు, కరువుకాలంలో వరన్నంలో గంజి కలిపినట్టు. నకిలీ చేసేవాడు తళతళలే చేస్తాడు గానీ పేదరికాన్ని నకలు చేయడం వాడికి కష్టం.

బ్యాంకులో నోట్లు చూసే నీలి దీపం ఎరుగుదురుగా? మంచి నోటు కాగితం దాని కింద మెరవదు, అంకెలూ నూలుపోగులూ మాత్రం మెరుస్తాయి. పట్టీనీ అలాగే చూస్తారు. మన సబ్బుపొడిలో ఓ మందు ఉంటుంది. కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని మింగి నీలి వెలుగుగా కక్కుతుంది. అమ్మమ్మల నాటి నీలిమందుకి అది మనవడు. దీని మూలం కూడా జర్మనీలోనే. 1929లో పాల్ క్రైస్ అనే ఆయన ఓ చెట్టు రసంలో నార ముంచితే తెల్లగా కనిపిస్తుందని పసిగట్టాడు. అయితే ఇంటింటి బట్టల్లోకీ అది చేరింది యుద్ధం అయ్యాకనే. అందుకని దారం భగ్గున మెరిస్తే అనుమానించాలి.

ఒక పోగు వెలిగించినా తెలుస్తుంది. ఉన్ని జుట్టు కాలిన కమురు వాసన కొట్టి, నలిపితే పొడవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ముద్ద కడుతుంది. పాలిస్టర్‌ని 1941లో ఇంగ్లాండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టారు. బట్టల్లోకి వచ్చింది ఆ తర్వాత పదేళ్లకు. 1940 నాటి జర్మనీ పట్టీలో పాలిస్టర్ కనిపించిందంటే, నా పెళ్లి ఫొటోలో మీరు సెల్‌ఫోన్ పట్టుకు కూర్చున్నట్టే.

ఒక్క మాట గుర్తుంచుకోండి. మన పాలవాడు నీళ్లు కలిపితే లాక్టోమీటర్ పట్టేస్తుంది. అదే వాడు వెన్న తీసేసి, ఆపైన నీళ్లు కలిపితే? సాంద్రత మళ్లీ సరిపోయి లాక్టోమీటర్ బోల్తా పడుతుంది. ఈ పరీక్షలూ అంతే. అసలు పట్టీనైనా కొత్త సబ్బుతో ఉతికితే మెరుస్తుంది. పాత గుడ్డా పాత చుక్కలూ ఏరి నిన్న కుట్టింది దీపం కింద మెరవకపోవచ్చు. అప్పుడు చుక్క ఎత్తి చూడాలి. గోడ మీద క్యాలెండర్ తీస్తే వెనక సున్నం కొత్తగా ఉంటుందిగా? ఏళ్ల తరబడి ఉన్న చుక్క కింద గుడ్డ రంగూ అలాగే ఉంటుంది. అన్ని పరీక్షలూ ఒకే మాట చెబితేనే నమ్మకం.

ఇంకో సంగతి కూడా వినండి. ఆ పట్టీలు మోసిన భుజాలు మంచి భుజాలు కావు. హిట్లర్ నాటి ఆ పోలీసు దళాలు తూర్పు యూరప్‌లో యూదుల్ని ఊళ్లకు ఊళ్లు చంపడంలో పాలుపంచుకున్నాయి. ఆ పట్టీ అలంకారం కాదర్రా, సాక్ష్యం. సాక్ష్యం కాబట్టే అబద్ధం ఉండకూడదు.

అదిగో, కరెంటు వచ్చింది. పొండి. ఒరేయ్ చిన్నోడా, అగ్గిపెట్టె అక్కడ పెట్టు. మీ నాయనమ్మ పట్టుచీర మీద పరీక్షలు చేశావో, కమురు వాసన నీ వీపు నుంచే వస్తుంది.