హైదరాబాద్ నుంచి మెటల్ గర్జన: గాడ్‌లెస్ ప్రస్థానం

1960ల చివర బ్రిటన్‌లో పుట్టిన హెవీ మెటల్ సంగీతం కాలక్రమేణా అనేక శాఖలుగా విడిపోయింది. ఫంక్, ర్యాప్ వంటి ఇతర బాణీలను కలుపుకొని, అమెరికన్ బృందం ఫెయిత్ నో మోర్ 1989 నాటి ఆల్బమ్‌తో ప్రాచుర్యం పొందిన శాఖను ఆల్టర్నేటివ్ మెటల్ అంటారు. గొంతు లోతుల్లోంచి గర్జనలా వెలువడే గానం, అతివేగమైన డ్రమ్ముల మోత, మంద్రస్థాయికి శ్రుతి దించిన గిటార్లు ప్రధానంగా సాగే శాఖ డెత్ మెటల్.

తెలుగు నేలపై మెటల్ సంగీతానికి కేంద్రమైన హైదరాబాద్‌తో ముడిపడిన గాడ్‌లెస్ బృందం ఈ రెండో శాఖకు చెందినది. అంతకుముందు షాక్ థెరపీ, స్క్రిప్ట్ అనే బృందాలలో వాయించినవారు కలిసి దీనిని నెలకొల్పారు. పూర్తి ఆల్బమ్ కంటే తక్కువ పాటలుండే సంపుటిని ఈపీ అంటారు. 2016లో ‘సెంచురీస్ ఆఫ్ డెకడెన్స్’, 2018లో ‘స్వార్మ్’ అనే రెండు ఈపీలను వెలువరించిన తరువాతే ఈ బృందం 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అనే తొలి పూర్తిస్థాయి ఆల్బమ్‌ను శ్రోతల ముందుంచింది.

తెలుగునాట జనాదరణ పొందే సంగీతంలో అధికభాగం సినిమాను ఆశ్రయించి బతుకుతుండగా, ఆ నీడ లేకుండా, ఆంగ్ల సాహిత్యంతో, సొంత స్వరరచనతో నిలిచిన ఈ బృందం, చిన్న పట్టణాలలో గిటారు పట్టిన యువతకు సినిమాకు వెలుపల కూడా ఒక దారి ఉన్నదని సూచిస్తున్నది.