120 చుక్కల్లో ఖరగ్‌పూర్

సంపాదకుడు సోమవారం ఫోన్ చేశారు. వీడియో గేములకు అట్ట ఎలా వెయ్యాలన్నది ముఖచిత్ర కథనం, శుక్రవారం సాయంత్రంలోగా పంపాలి. అప్పటికి నేను ప్రేమ్ బజార్‌లో మావయ్య ఇంట్లో ఉన్నాను. ఐఐటీ పక్కనే ఉన్న బజారు, దగ్గర్లోనే హిజిలీ స్టేషను. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికొచ్చి తరాలుగా ఉండిపోయిన తెలుగువాళ్ల ఊరు పశ్చిమ బెంగాల్‌లోని ఈ ఖరగ్‌పూర్. ఇక్కడ కూర్చుని రాసేవాడికి రైలు ఆట తప్ప ఇంకోటి తోచదు.

అందుకని లేని ఆటనొకదాన్ని ఊహించుకున్నాను. ఇందులో ఆడేవాడు ఇంజన్ నడపడు. సిగ్నల్ కేబిన్‌లో కూర్చుని, వచ్చే బండిని ఏ లైన్లోకి తియ్యాలో, దేన్ని ఆపాలో, దేన్ని వదలాలో తేలుస్తాడు. మావయ్య ఉద్యోగమంతా చేసిన పని అదే. ఈ ఆటని కొట్లో పెడితే అట్ట మీద ఏం ఉండాలి?

మంగళవారం, బుధవారం కొలతలు వెతకడానికే సరిపోయాయి. స్టీమ్ అనే ఆన్‌లైన్ కొట్టు ఆటలు చేసేవాళ్లకిచ్చిన సూచనల్లో ఒక అంకె దగ్గర ఆగిపోయాను: 120 × 45. చిన్న అట్టని 462 × 174 చుక్కల్లో, అంటే పిక్సెళ్లలో, గీసిస్తే, కొట్టువాళ్లు దాన్నే కుదించి ఇంకా చిన్నవి రెండు తయారు చేసుకుంటారు. వాటిలో చిన్నది 120 చుక్కల వెడల్పు, 45 చుక్కల ఎత్తు. కొనేవాడు ఏదో వెతికినప్పుడు వరసగా కనబడే జాబితాల కోసం ఆ సైజు. అంటే ముక్కూ మొహం తెలియని ఆటని మొదటిసారి చూసే చోట దానికి దక్కేది 5,400 చుక్కలు. అదే ఆటని కొనుక్కున్నాక మన లైబ్రరీలో పైన పరుచుకునే బొమ్మ 3,840 × 1,240. దానికి దాదాపు 880 రెట్లు. కొనని వాడికి చిటికెడు, కొన్నవాడికి చాపంత.

బజారులో గ్రాఫు కాగితం కొన్నాను. ఒక మిల్లీమీటరు గడిని ఒక చుక్క అనుకుంటే అట్ట 12 సెంటీమీటర్ల పొడుగు, నాలుగున్నర ఎత్తు. అలాంటి ముక్కలు మూడు కత్తిరించాను.

మొదటి దాని మీద అందరూ గీసేదే గీశాను. ఏటవాలుగా మనవైపు దూసుకొచ్చే ఇంజన్ మొహం, వెనక ప్లాట్‌ఫారం, పైన మబ్బులు. ఖరగ్‌పూర్ అంటే ప్లాట్‌ఫారమే కదా. 1,072 మీటర్లతో ప్రపంచంలోకెల్లా పొడుగైనదని 2013లో గోరఖ్‌పూర్ దాటేదాకా చెప్పుకున్నాం. కాగితం మీద లెక్క వేస్తే గర్వమంతా గీతలా సన్నబడింది. మొత్తం ప్లాట్‌ఫారాన్ని 120 చుక్కల్లో పడుకోబెడితే చుక్కకి దాదాపు తొమ్మిది మీటర్లు. ఒక బోగీ రెండున్నర చుక్కలు. మనిషి అసలే లేడు. పొడుగుని చూపించాలంటే చోటు కావాలి. ఆ చోటు ఇక్కడ లేదు. ఇంజన్ బొమ్మతో ఇంకో చిక్కుంది. అది బండి నడిపే ఆటకి నప్పుతుంది. కేబిన్ ఆటకి అతికిస్తే అబద్ధమవుతుంది.

అబద్ధం అన్న మాట తెలిసే వాడుతున్నాను. ఇలాంటి సిమ్యులేషన్ ఆట, అంటే నిజం పనిని అనుకరించే ఆట, కొనేవాడు కథ కోసం రాడు, ఒక పని చెయ్యడానికొస్తాడు. లారీ తోలడం, పొలం దున్నడం, ఊరు కట్టడం. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అట్ట మీద లారీ ఎందుకుందంటే, ఆటంతా ఆ లారీలోనే ఉంటాం కాబట్టి. మినీ మెట్రో అట్ట మీద గీతలెందుకున్నాయంటే, ఆటంతా ఆ గీతలే గీస్తాం కాబట్టి. అట్ట ఇచ్చిన మాట లోపల నిలబడకపోతే కొన్నవాడు ఊరుకోడు. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే, స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. ఎంత బాగా గీసినా, లోపల లేని పనిని చూపించే అట్టని నేను ఒప్పుకోను.

ఇలాంటి ఆటల చరిత్ర నాలుగు ముక్కల్లో: 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, 1989లో సిమ్‌సిటీ, 1996లో జపాన్‌లో రైలు నడిపే డెన్షా డె గో, 2001లో మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్. అదంతా అట్టపెట్టెల కాలం, కొట్లో చేత్తో పట్టుకుని తిప్పి చూసే కాలం. పెట్టె వెనక రాయడానికి చోటుండేది. ఇప్పుడు వెనక అనేది లేదు.

కొలతలు, కట్టుబాట్లు
స్టీమ్‌లో పేజీ తల మీద ఉండే అట్ట 920 × 430, మొదటి పేజీలో పెద్దగా వచ్చేది 1,232 × 706, నిలువుది 748 × 896. గూగుల్ ప్లేలో ఐకాన్ 512 × 512, అడ్డంగా ఉండే బొమ్మ 1,024 × 500. 2022 సెప్టెంబరు 1 నుంచి స్టీమ్ అట్టల మీద సమీక్షల మార్కులు, అవార్డుల పేర్లు, తగ్గింపు ధరల రాతలు నిషేధం. బొమ్మ, ఆట పేరు, అధికారిక ఉపశీర్షిక, అంతే. లైబ్రరీలోని పెద్ద బొమ్మ మీదైతే పేరు కూడా రాయకూడదు. అది విడిగా పైన వచ్చి కూర్చుంటుంది. 2022 నియమం వల్ల అట్టలు తేటపడ్డాయనే నా నమ్మకం.

రెండో ముక్క మీద పేరు రాశాను. చిన్న అట్టలో పేరే దాదాపు చోటంతా ఆక్రమించాలని స్టీమ్ వాళ్ల సలహా. రైల్వే ఇళ్లలో వినబడే మాట 'లైన్ క్లియర్', ముందు దారి ఖాళీ అని. ఇంతకంటే మంచి పేరు దొరకదనుకున్నాను. గళ్లలో నింపుతుంటే తెలిసింది: క కింద లవత్తుకి చోటు కావాలి, పైన గుడికీ పొల్లుకీ చోటు కావాలి, మధ్యలో అక్షరానికి మిగిలేది తక్కువ. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒక్క అంతస్తు మీద నిలబడతాయి. మనవి మేడ మీద మేడ, కింద నేలమాళిగ. ముక్కని గోడకానించి నాలుగడుగులు వెనక్కి నడిచి చూస్తే వత్తు కాస్తా మరకలా కనబడింది.

పేరు మార్చాను: 'కేబిన్'. మూడే అక్షరాలు, కింద వత్తు లేదు. 45 గడుల ఎత్తులో 27 పేరుకిచ్చినా బొద్దుగా నిలబడింది.

రంగు కోసం ఎక్కువ ఆలోచించలేదు. రైల్వే ఎప్పుడో తేల్చేసింది. పసుపు పలక మీద నల్లక్షరాలు, పరుగెత్తే బండిలోంచి కూడా ఊరి పేరు చదవగలిగేలా. ఖరగ్‌పూర్ బోర్డు మీద ఆ పని మూడు లిపుల్లో జరుగుతోంది. స్టీమ్ పేజీ నేపథ్యమేమో ముదురు నీలం. రాత్రి దృశ్యాలు, నల్లటి అంచులున్న అట్టలు అందులో మునిగిపోతాయి. పసుపు తేలుతుంది.

తెలుగు అట్ట
గూగుల్ ప్లేలో ఆటకి తెలుగు పేజీ విడిగా పెట్టుకోవచ్చు, దానికి వేరే బొమ్మలూ ఇవ్వొచ్చు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదాని ఆమోదించింది. దాని వెనక ఖరగ్‌పూర్ తెలుగువాళ్ల కోరిక ఉంది. ఈ ఊరి మీద ఆట చేసేవాళ్లు అట్ట మీద మన అక్షరాలు పెడితే బాగుండునని నా ఆశ. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గీసిన చందమామ అట్టలు చూసి పెరిగిన ఇళ్లివి. అట్టని చూసే కన్ను ఇక్కడి వాళ్లకుంది.

మూడో ముక్కకి పైన పసుపు పూసి నల్లగా 'కేబిన్' రాశాను. కింద మిగిలిన 18 గడులూ నలుపు. ఆ నలుపులో కేబిన్ ప్యానెల్ నుంచి ఒక్క చెక్క తీసి పెట్టాను. ఖరగ్‌పూర్‌లో సిగ్నళ్లనీ పాయింట్లనీ ముడిపెట్టి నడిపే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ 800 రూట్లది. అదంతా అక్కర్లేదు. రెండే గీతలు: పైది మెయిన్ లైను, ఎర్రగా; కిందది లూపు, అంటే పక్క లైను, తెల్లగా; ఎడమ చివర రెండూ కలిసే చోట బండిని మళ్లించే ఒక పాయింటు. మన ప్యానెల్ మీద బండి నిలబడ్డ లైను ఎర్రగా వెలుగుతుంది, దారి ఇచ్చిన లైను తెల్లగా.

గురువారం సాయంత్రం మావయ్య టీ తాగుతుంటే ఏం చెప్పకుండా ఆ ముక్కని బల్ల మీద పెట్టాను. కళ్లజోడు లోపల గదిలో ఉంది, తెచ్చుకోలేదు. కాగితాన్ని చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చూశాడు.

"ఏట్రా ఇది, మెయిన్ మీద బండుంది, ఇంకోదాన్ని లూపులోకి తీస్తన్నావా?"

"అవును మావయ్యా."

"తియ్యి. మరి సిగ్నలేదీ? దారిచ్చి సిగ్నలివ్వకపోతే బండి బయటే నిలబడిపోద్ది."

నా చేతిలో పెన్సిలు తీసుకుని, తెల్లగీత మొదట్లో చిన్న సున్నా చుట్టాడు. పచ్చరంగు ఉందా అని అడిగాడు.

"లూపుకి పచ్చ ఇవ్వరు కదా మావయ్యా, పసుపు కదా?"

మావయ్య నవ్వి కప్పు కింద పెట్టాడు. "ఆ, పసుపే. పసుపే ఎయ్యి."