పికప్... మాట ఒక్కటే, అర్థాలు డజను!

"ఈ బండికి పికప్ లేదండీ" అంటాడు మెకానిక్. "మొదటివారం డల్లే గానీ, తర్వాత పికప్ అయింది" అంటారు సినిమా గురించి. "పికప్ పాయింట్ ఎక్కడ సార్?" అని ఫోన్ చేస్తాడు క్యాబ్ డ్రైవర్. సరుకులు మోసే చిన్న ట్రక్కు కూడా పికప్పే. వీటికోసం మనలో ఎవరూ డిక్షనరీ తీయలేదు. వాడుకలో అలా వచ్చేశాయంతే.

అదే మాట ఆఫీసు మీటింగులో ఇంగ్లిష్ వాక్యంలో వస్తే మాత్రం చాలామందికి తడబాటు. ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చినవాళ్లకి. 'పోస్ట్‌పోన్', 'రెజ్యూమ్', 'టాలరేట్' లాంటి పెద్ద మాటలు వాళ్లకి బాగానే తెలుసు, పుస్తకాల్లో చదివారు కాబట్టి. 'పుట్ ఆఫ్', 'పిక్ అప్', 'పుట్ అప్ విత్' అనే చిన్న మాటల దగ్గరే ఆగిపోతారు. ఇంగ్లిష్ సొంత భాషగా ఉన్నవాళ్లు మామూలు మాటల్లో ఎక్కువగా వాడేది ఈ చిన్నవాటినే!

కాల్‌లో క్లయింట్ "కెన్ యూ పిక్ దిస్ అప్?" అన్నాడనుకోండి. ఈ పని మీరు తీసుకుంటారా అని అడుగుతున్నాడు. "లెట్స్ పిక్ దిస్ అప్ టుమారో" అంటే? ఇవాళ్టికి ఆపేద్దాం, రేపు ఇక్కడి నుంచే మొదలుపెడదాం అని. మొదటిదానికి 'ఓకే' అంటే పని మీ నెత్తిన పడ్డట్టు. రెండోదానికి 'ఓకే' అంటే ల్యాప్‌టాప్ మూసేయొచ్చు. తేడా తెలియక తలూపితే ఆ పని ఎవరూ చేయరు. రెండు రోజులయ్యాక "మీరే కదా తీసుకున్నారు" అంటారు. అక్కడ పోయేది ఇంగ్లిష్ మార్కులు కాదు, మన మీద నమ్మకం.

ఎన్ని రకాలో!

కింద పడ్డ పెన్ను తీస్తే పిక్ అప్. మోగుతున్న ఫోన్ ఎత్తితే పిక్ అప్. స్కూలు నుంచి పిల్లల్ని తీసుకొస్తే పిక్ అప్. వచ్చేదారిలో పాలప్యాకెట్ కొన్నా అదే. ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండా, చుట్టుపక్కలవాళ్లని విని హిందీ నేర్చుకుంటే హిందీ పిక్ అప్ చేసినట్టు. ఎక్కడో జలుబు అంటించుకొచ్చినా అంతే. మైకు మన గొంతుతోపాటు పక్కింటి కుక్క అరుపునీ అందుకుంటే, దాన్నీ పిక్ అప్ చేసిందంటారు. వ్యాపారం పుంజుకున్నా, గాలి జోరందుకున్నా, బండి వేగం పెరిగినా పిక్ అప్పే. హోటల్లో బిల్లు నేనే కడతాననడానికీ ఇదే మాట. పక్కన 'ఆన్' చేరి 'పిక్ అప్ ఆన్' అయితే, ఎదుటివాళ్లు చెప్పకుండానే విషయం పసిగట్టడం. ఒక్క జాగ్రత్త... బార్‌లోనో పార్టీలోనో కొత్తవాళ్లని 'పిక్ అప్' చేయడమంటే వేరే ఉద్దేశంతో పరిచయం పెంచుకోవడం!

ఈ గందరగోళం మనకొక్కళ్లకే కాదు. 1755లో వెలువడిన తన నిఘంటువు ముందుమాటలోనే శామ్యూల్ జాన్సన్ ఈ సంగతి రాశాడు. క్రియ పక్కన చిన్న మాట చేర్చి అర్థం మార్చేయడం ఇంగ్లిష్‌లో ఎక్కువనీ, పరభాషవాళ్లని అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది అదేననీ ఆయన అభిప్రాయం.

మన 'పట్టు' సంగతేంటి?

నిజానికి ఈ విద్య మనకి కొత్తేం కాదు. జలుబు పట్టింది, నిద్ర పట్టింది, తుప్పు పట్టింది, గంట పట్టింది. బిందెతో నీళ్లు పడతాం, పరిగెత్తి బస్సు పట్టుకుంటాం. వాడు మనల్ని పట్టించుకోడు, వీడు దొంగని పట్టించాడు. తెలుగు నేర్చుకునే విదేశీయుడికి ఇవన్నీ చెప్పి చూడండి, తల పట్టుకుంటాడు! మనం మాత్రం 'పట్టు'కి అర్థాల పట్టిక బట్టీ పట్టలేదు. పక్కనున్నది నిద్రా, నీళ్లా, దొంగా అన్నదాన్నిబట్టి అర్థం దానంతటదే తెలుస్తుంది.

పిక్ అప్‌నీ అలాగే చూడాలి. 'పిక్' అంటే ఏరడం, 'అప్' అంటే పైకి అని విడగొట్టి కూర్చుంటే లాభం లేదు. దేన్ని పిక్ అప్ చేస్తున్నారో చూడండి... ఫోనా, భాషా, జలుబా, పనా? సగం అర్థం అక్కడే దొరుకుతుంది. వాక్యంలో 'టుమారో', 'లేటర్' లాంటి మాట ఉంటే చాలాసార్లు ఆపిన పనిని మళ్లీ మొదలుపెట్టడమే. మాట్లాడేటప్పుడు ఇంకో చిన్న సంగతి: 'ఇట్' మధ్యలో రావాలి. 'పిక్ ఇట్ అప్' అనాలి గానీ, 'పిక్ అప్ ఇట్' అనకూడదు.

ఇంత చూసినా అనుమానం మిగిలిందా? "సో, ఐ విల్ డూ దిస్. రైట్?" అని అక్కడికక్కడే అడిగేయండి. మీ ఇంగ్లిష్‌ని ఎవరూ తక్కువగా చూడరు. పని ఎవరిదో తేలిపోయినందుకు అవతలివాళ్లూ ఊపిరి పీల్చుకుంటారు.