పాత బుల్లెట్టు నిలుకడ

నాచారం కర్మాగారములు దాటి ఉప్పల్ చౌరస్తాలో ఎర్రదీపము కడ నిలిచినంతనే పాత బుల్లెట్టు ఆగిపోవుట కలదు. పరుగులో దోషమెరుగని బండికి నిలుకడలో ఈ నీరసమేల? థ్రాటిలు మూసినపుడు పెట్రోలు వెంట్రుకవాసి రంధ్రముగల పైలట్ జెట్టుగుండానే పోవును. అందు నలక చేరిన చాలును. పలువురు స్క్రూ త్రిప్పి వేగము పెంచెదరు. అది రోగమును దాచుటయే. జెట్టును విప్పి, పెట్రోలుతో కడిగి, గాలితో ఊదవలెను; తీగతో పొడిచినచో రంధ్రము పెద్దదగును. అప్పటికిని కుదరనిచో కార్బ్యురేటరుకును ఇంజనుకును నడుమనున్న అతుకులో గాలి చొరబడుచున్నదేమో పరికింపవలెను. ఇంజను వేడెక్కిన పిదపనే గాలి స్క్రూను కొద్దికొద్దిగా త్రిప్పి, చప్పుడు సమమైనచోట ఆపవలెను.

2025 నాటికి మన పెట్రోలులో 20 శాతమునకు చేరిన ఇథనాలు తేమను పీల్చును, పాత రబ్బరును చెరచును. వారముల తరబడి కదలని బండి ఫ్లోటు గిన్నెను ఖాళీచేసి ఉంచవలెను.