సేవకు జీతమా?

ఆదివారం ఆరాధన ముగిసింది. కానుకల సంచి వరుసల వెంట తిరిగి బల్ల మీదికి చేరింది. సంఘం పెద్దలిద్దరు లెక్క చూస్తున్నారు. చిల్లరే ఎక్కువ. పాస్టరుగారు మాత్రం అటు చూడకుండా పిల్లల్ని పలకరిస్తున్నారు. ఆ లెక్క మీదే ఆయన ఇంట్లో వారం గడవాలి మరి!

మోస్రా, వర్ని, బోధన్ వైపు చిన్న చర్చిలకు ఇది తెలిసిన దృశ్యమే. నిజాంసాగర్ కాలువ కింద వరి కోసిన నెలలో సంచి బరువెక్కుతుంది. మిగతా రోజుల్లో... అంతే సంగతులు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక నెలజీతం అందుకునే ఇళ్లూ తగ్గాయి.

సేవకు జీతం పుచ్చుకోవచ్చా? ప్రశ్న కొత్తదేం కాదు. కొరింథులో పౌలు డేరాలు కుట్టి పొట్టపోసుకున్నాడు. సువార్త చెప్పేవారు దాని మీదే బతకడం న్యాయమని ఆ సంఘానికి రాసిందీ ఆయనే. హక్కు ఉందన్నాడు, వారి దగ్గర మాత్రం పుచ్చుకోలేదు. అందుకే రెండు పక్షాలవారూ ఆయన్నే సాక్ష్యానికి పిలుస్తారు!

ఈ జిల్లా సీఎస్ఐ మెదక్ డయాసిస్ కిందికి వస్తుంది. ఆ పద్ధతిలో ప్రెస్బిటర్లకు జీతం, బదిలీ రెండూ ఉంటాయి. స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల విశ్వాసులు ఇచ్చిందే ఆధారం. చిక్కంతా ఇక్కడే. ఎక్కువ ఇచ్చే ఆసామిని మందలించాలంటే ఎవరికైనా నోరు పెగలదు. ఇంట్లో గడవక పాస్టరమ్మ బీడీలు చుడితే, పొగ తాగొద్దని ఆయన ప్రసంగం చెప్పేదెలా? నెలకింత అని ముందే రాసుకుంటే ఆ మొహమాటం కొంతైనా తగ్గుతుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో పాస్టర్లకు నెలకు 5,000 రూపాయలు ప్రకటించింది. దానికి పెట్టిన పేరు గౌరవ వేతనం. బ్రిటన్ సుప్రీంకోర్టు కూడా 2013లో ఒక మెథడిస్టు మహిళా పాస్టరు కేసులో, ఆమె ఉద్యోగి కాదనే తేల్చింది. డబ్బు అందుతుంది, ఉద్యోగం అనిపించుకోదు!

మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైంది. కరవు రోజుల్లో పని చేసినవారికి తిండి పెట్టి కట్టించారని ఇప్పటికీ చెప్పుకుంటారు. దేవుడి ఇల్లే కదా, ఊరికే మోయండి అనలేదన్నమాట.

ఇటు ఊరి చర్చిలో అందరూ వెళ్లాక చాపలు చుట్టి, నేల ఊడ్చి, తాళం వేసే ఆమె ఒకరుంటారు. లెక్కల పుస్తకంలో కరెంటు బిల్లుకు చోటుంది, ఆమెకు లేదు. నన్నడిగితే జీతాల మాట ఆమెతోనే మొదలుపెట్టమంటాను. పాస్టరుగారి సంగతి పంట చేతికి రాకముందే పెద్దలు కూర్చుని మాట్లాడుకుంటే మంచిది. వడ్ల పైసలు వచ్చాక ఎవరి అప్పులు వారికి గుర్తొస్తాయి.