కొబ్బరి చిప్పలో సంసారం

మీ ఇంటి వెనక ఒక కొబ్బరి చిప్ప వెల్లకిలా పడి ఉందనుకోండి. వాన కురిసింది. చిప్పలో రెండు గుక్కెళ్ల నీళ్లు నిలిచాయి. కొన్ని రోజులకు ఆ నీళ్లలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. మలయ్‌లో వాటిని జెంతిక్-జెంతిక్ అంటాం. తెలుగు పుస్తకాల్లో లార్వా అని రాస్తారు. మా తరగతి పిల్లలు "దోమ పిల్లలు" అంటారు. నేను దిద్దను. ఆ మాటే బాగుంది.

అవి ఏం తింటాయో ఎప్పుడైనా ఆలోచించారా? రక్తం కాదు. రక్తం తాగేది రెక్కలు వచ్చాక, అదీ ఆడదోమ మాత్రమే. నీళ్లలో ఉన్నన్నాళ్లూ దోమ పిల్లకు ముఖ్యమైన తిండి సూక్ష్మజీవులు. చిప్పలో ఒక ఆకు రాలి కుళ్లుతుంది. దాన్ని కుళ్లబెట్టేవి బాక్టీరియా, బూజు. బాక్టీరియాను ప్రోటోజోవాలు తింటాయి. ఇవి ఒకే కణం ఉన్న జీవులు, కంటికి ఆనవు. వీటన్నిటినీ దోమ పిల్ల తింటుంది. దాని నోటి దగ్గర కుచ్చుల్లాంటి వెంట్రుకలు ఉంటాయి. వాటిని ఆడిస్తూ నీటిని తనవైపు లాక్కుంటుంది.

మలేరియాను మోసే అనాఫిలిస్ పిల్ల నీటి పైపొర కింద అడ్డంగా పడుకుని మేస్తుంది. డెంగీని మోసే ఏడిస్ పిల్ల ఎక్కువగా అడుగునా, గోడల మీదా, ఆకుల మీదా పట్టిన పాచిని గీకి తింటుంది. పాచి అంటే తెలుసు కదా? పొద్దున లేవగానే "పాచి నోటితో తినకు" అని పెద్దవాళ్లు అంటారే, ఆ పాచే. పళ్ల మీదైనా చిప్పలోనైనా అది చాలావరకు బాక్టీరియా కట్టిన జిగురు పొరే.

మేకలు పడిన చేను మునుపటిలా ఉండదు. చిప్పలో నీళ్లూ అంతే. ఉత్తర అమెరికా చిత్తడి నేలల్లో ఒక కూజా మొక్క ఉంది. చూడటానికి మన అడవుల్లోని పెరియుక్ కెరాలా ఉంటుంది కానీ దానికి చుట్టం కాదు. దాని కూజాలో వాన నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్లలోనే పెరిగే దోమ ఒకటి ఉంది, పేరు వయోమియా. 1974లో జాన్ ఆడికాట్ అనే శాస్త్రవేత్త ఆ కూజాల గురించి రాశాడు. దోమ పిల్లలు ఎక్కువైనకొద్దీ ప్రోటోజోవాల సంఖ్య తగ్గింది, వాటి రకాలూ తగ్గాయి. ప్రోటోజోవాలు తగ్గితే, అవి తినే బాక్టీరియాకు ఊపిరి ఆడుతుంది. దోమ పిల్ల నేరుగా తినే బాక్టీరియా మాత్రం తగ్గుతుంది. కాబట్టి మారేది లెక్క ఒక్కటే కాదు, ఎవరెవరు మిగిలారన్నది కూడా.

మరి సూక్ష్మజీవులు అసలే లేకపోతే? అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ప్రచురించిన ప్రయోగంలో, క్రిములు ఏమాత్రం లేని నీళ్లలో దోమ పిల్లలకు మామూలు తిండే పెట్టారు. అవి మొదటి దశ దాటకుండానే చనిపోయాయి.

నాకు అన్నిటికన్నా వింతగా తోచింది గుడ్ల సంగతి. ఏడిస్ దోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, తడి గోడకు అంటిస్తుంది. నీళ్లు ఎండిపోయినా అవి నెలల తరబడి బతికి ఉంటాయి. మళ్లీ నీళ్లు తగిలినా అన్నీ ఒకేసారి చిట్లవు. గుడ్డు పెంకు మీద బాక్టీరియా పెరిగి, చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తుంది. ఆక్సిజన్ తగ్గడమే లోపలి పిల్లకు కబురు: తిండి ఉంది, బయటికి రా! ముందు పుట్టినవి ఎక్కువగా ఉంటే ఆ పెంకుల మీది బాక్టీరియాను కూడా గీకి తినేస్తాయి. ఆక్సిజన్ తగ్గదు, కబురు అందదు, మిగతా గుడ్లు అలాగే ఆగుతాయి. అన్నలు, అక్కలు మేస్తున్నంతసేపు తమ్ముళ్లకు తలుపు తెరుచుకోదన్నమాట.

ఇప్పుడు మీరు చిప్పలో నీళ్లు పారబోశారు. పిల్లలు చచ్చాయి. గోడకు అంటిన గుడ్లు? అవి అక్కడే ఉన్నాయి. తర్వాతి వానకు బాక్టీరియా పెరుగుతుంది, దాన్ని మేసే అన్నలు లేరు. పైగా కొన్ని బాక్టీరియా వదిలే ఆమ్లాలు తల్లి దోమను గుడ్లు పెట్టడానికి ఉసిగొల్పుతాయి. అందుకే పారబోయడంతో ఆగకండి. పూలకుండీ కింది పళ్లెం, పూలసీసా, కుక్కకు నీళ్లు పెట్టే గిన్నె, వీటిని వారానికోసారి కొబ్బరి పీచుతో గట్టిగా తోమాలి. పాచి, గుడ్లు రెండూ ఊడి రావాలి. తోమిన నీళ్లను మరో గిన్నెలోకి కాదు, ఎండిన నేల మీద పోయండి.

మన దేశంలో 2019లో 1,30,000 మందికి పైగా డెంగీ సోకింది. ఇంట్లో దోమలు పెరగనిస్తే జరిమానా వేయడానికి 1975 నుంచే చట్టం ఉంది. కానీ తోటల్లో ఇంకా రబ్బరు పాల కప్పులు చెట్లకు వేలాడుతూనే ఉన్నాయి. పాలు తీయని వానరోజుల్లో అవి నిండితే, ఒక్కో చెట్టుకూ ఒక్కో కొబ్బరి చిప్ప ఉన్నట్టే. మీ వాళ్లెవరైనా ఇంకా తోటలో ఉంటే, ఆ రోజుల్లో కప్పులు బోర్లించి పెట్టమని చెప్పండి.