‘అముక’ అన్న చోట ఏమి చెప్పాలి?



పూజావిధానాలు, ప్రయోగ గ్రంథాలు తెరచి చూచినవారికి ‘అముక’ అనే సంస్కృత పదం తారసపడే ఉంటుంది. గోత్రం చెప్పవలసిన చోట అముక గోత్రమనీ, నక్షత్రం చెప్పవలసిన చోట అముక నక్షత్రమనీ అచ్చు వేసి ఉంటుంది. ‘ఫలానా’ అని దాని అర్థం. గ్రంథకర్త అక్కడ చోటు విడిచిపెట్టాడు. దానిని కర్త వివరాలతో పూరించి పలకవలసినవాడు పురోహితుడు. వివరాలు చేతికి అందని పురోహితుడు ‘అముక గోత్రః’ అనే చదివి లేచిపోయాడని మా పాఠశాలలో ఒక ఛలోక్తి ఉండేది.

చిప్పగిరిలో శ్రీ విజయదాసుల ఆరాధన సమీపించినప్పుడు మా నమోదు పుస్తకం చూస్తే ఆ ఛలోక్తి గుర్తుకు వస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, గుంతకల్లు, బళ్లారి, రాయచూరు ప్రాంతాల నుంచి సేవలకు పేర్లు వస్తాయి. కొందరు స్వయంగా వచ్చి వ్రాయిస్తారు. కొందరు ఊరివారి చేతికి సొమ్ము ఇచ్చి పంపుతారు. ఫోన్‌పే ద్వారా పంపేవారే ఇప్పుడు ఎక్కువ. 1,116 రూపాయలు చేరినట్టు, పంపినవారి పేరులో సగం మాత్రమే ఉన్నట్టు బ్యాంకు కాగితం చెబుతుంది. ఎవరి పేర, ఏ సేవకు అన్నది అందులో ఉండదు. పుస్తకంలోని ఖాళీలు వెదకి భక్తులకు ఫోను చేసే పని, పదవీ విరమణ తరువాత నాకు అప్పగించారు. “సొమ్ము కట్టాము, రసీదు వచ్చింది, మళ్లీ ఈ ప్రశ్నలెందుకండీ?” అని అడిగేవారు చాలామంది. వారి కొరకే ఈ నాలుగు మాటలు.

గోత్రం గడిలో ఇంటిపేరు వ్రాసేవారు కోకొల్లలు. ఇంటిపేరు ఊరిని బట్టి, వృత్తిని బట్టి వచ్చి ఉండవచ్చు. గోత్రం అది కాదు. పద్మశాలీలు, వైశ్యులు తడుముకోకుండా గోత్రం చెప్పేస్తారు. ఇంట కన్నడం మాట్లాడే కుటుంబాలు కొన్ని ‘బెడగు’ పేరు చెబుతాయి. అది వారి వంశానికి గుర్తు కనుక అదే వ్రాసుకొంటాము. గోత్రం తెలియనివారు కాశ్యప గోత్రం చెప్పుకొనే సంప్రదాయం ఉన్నది. అయితే ఖాళీ కనబడిన ప్రతిచోటా గుమాస్తా కాశ్యపమని నింపుకొంటూ పోవడానికి ఏర్పడిన సంప్రదాయం కాదది. తెలియదని భక్తుడు చెప్పడం వేరు, మేము అడగకపోవడం వేరు. చాలా ఇళ్లలో కొడుకుకు తెలియని గోత్రం మేనత్తకు తెలిసి ఉంటుంది.

వివాహమైన కుమార్తె తండ్రిగారి పేర సేవ చేయించేటప్పుడు మరొక చిక్కు. ఆమెది భర్త గోత్రం, తండ్రిది పుట్టింటి గోత్రం. కాగితంలో గోత్రానికి ఉన్నది ఒకే గీత! దాని మీద వ్రాసినది ఎవరిదో తేలక ఫోను చేస్తాము. రెండూ వ్రాసి, ఏది ఎవరిదో పక్కన సూచిస్తే ఆ అవసరమే రాదు.

నక్షత్రం విషయంలో బడి ధ్రువపత్రాన్ని నమ్మరాదని నా అభిప్రాయం. మా తరంవారిలో అనేకులకు జూన్ ఒకటో, జూలై ఒకటో పుట్టినరోజు. బడిలో చేర్చిన నాడు అయ్యవారు వేసిన తేదీ అది! దానినుంచి గణించిన నక్షత్రానికి విలువ ఏముంటుంది? నిజమైన తేదీ, వేళ తెలియనప్పుడు నామాక్షరాన్ని బట్టి నక్షత్రం గ్రహించడం ఆచారం. అందుకే “మిమ్మల్ని ఇంట్లో ఏమని పిలుస్తారు?” అని అడుగుతాను. ఆధార్ కార్డు మీది పేరు ఒకటి, పిలుపు మరొకటి కావచ్చును. చెన్నై నుంచి వ్రాసేవారు తిరువోణం, తిరువాదిరై అని వ్రాస్తే సందేహపడనక్కరలేదు. అవి మన శ్రవణం, ఆర్ద్రలే.

అన్నిటికంటె మిక్కిలి జాగ్రత్త వలసినది తిథి. గతించిన పెద్దల పేర ఏటేటా సేవ జరగాలని శాశ్వత నిధి కట్టేవారు ‘నవంబరు 10’ అని తేదీ ఒక్కటే వ్రాస్తారు. దానితో పని జరగదు. ఆరాధననే చూడండి. విజయదాసులు 1755లో, యువ నామ సంవత్సర కార్తీక శుద్ధ దశమినాడు హరిపాదం చేరారు. సంవత్సరం, మాసం, పక్షం, తిథి నిలిచి ఉన్నవి కనుక సందేహానికి తావు లేదు. సూర్యోదయానికి ఆ దశమి 2023లో నవంబరు 22న వచ్చింది, 2024లో నవంబరు 11న వచ్చింది. తేదీని పట్టుకొని కూర్చుంటే తిథి జారిపోతుంది.

తేదీతో పాటు వేళ ఎందుకు? 2024 నవంబరు 10వ తేదీన దృగ్గణితం ప్రకారం రాత్రి 9 గంటల ప్రాంతంలో నవమి ముగిసి దశమి ప్రవేశించింది. ఆనాడు ఆదోనిలో ఒకరు సాయంకాలం ఆరుకు, మరొకరు రాత్రి పదికి గతించి ఉంటే తేదీ ఒక్కటే, తిథులు రెండు. విదేశాలలో ఉన్నవారి విషయంలో ఊరు కూడా కావాలి. సూర్యచంద్రుల మధ్య దూరమే తిథి కనుక అది లోకమంతటా ఒకే క్షణాన మారుతుంది, గడియారాలే వేరు. అమెరికాలోని డాలస్‌లో అప్పటికి ఉదయం తొమ్మిదిన్నర. అక్కడ ఆనాటి మధ్యాహ్నం గతించిన తండ్రికి ఇక్కడి గోడ క్యాలెండరు చూచి నవమి అని వ్రాసి పంపితే ఏడాదికొకమారు జరిగే ఆ సేవ ప్రతి సంవత్సరమూ ఒకనాడు ముందుగా జరిగిపోతుంది.

అధికమాసం మరొకటి. 2023లో జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం, ఆ తరువాత నిజ శ్రావణం. అధికంలో గతించినవారికి మామూలు సంవత్సరాలలో శ్రావణంలోనే జరుగుతుంది. తిరిగి అధిక శ్రావణం వచ్చిన ఏడు ఆ అధికంలో జరగాలి. ‘అధిక’ అన్న ఒక్కమాట ఈనాడు పుస్తకంలో లేకపోతే అప్పటికి చెప్పేవారు ఎవరుంటారు?

మరణవేళ అడగడం తేలిక కాదు. పదునాలుగు రోజులు గడవకముందు అటువంటి ఇంటికి నేను ఫోను చేయను. చేసినా ‘ఎన్ని గంటలకు?’ అని మొదలుపెట్టను. ఒక కుటుంబంలో తల్లి తెల్లవారుజామున పోయింది; తిథి ఆ వేళకే మారుతున్నది. పెద్దకుమారుడు నాలుగన్నారు, చిన్నవారు తెల్లవారిందన్నారు. కుమార్తెను పలుకరించి, ఆ సమయంలో బయట ఏమి వినబడుతున్నదమ్మా అని అడిగాను. “గుడిలో సుప్రభాతం మైకు వేశాక అమ్మ నోట్లో తులసితీర్థం పోశానండీ, మింగింది” అన్నది ఆమె. గుడిలో మైకు వేసేది అయిదింటికి. తిథి తేలిపోయింది. దగ్గర కూర్చున్నవారిని అడగాలి. నమోదు చేయించినవారు వారే కానక్కరలేదు.

దాతలకు ఒక మనవి. 80జి మినహాయింపు కోరేవారు పాన్ సంఖ్య ఇవ్వవలసి ఉంటుంది. 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి ఇటువంటి ట్రస్టులు దాతల వివరాలను ఏటా ఆదాయపు పన్ను శాఖకు సమర్పించవలసి వచ్చింది.  రెండువేల రూపాయలకు మించిన నగదుకు ఎటూ మినహాయింపు లేదు.

ఇవి తప్ప మరేమీ అడగము. ఓటీపీ అడిగినా, బ్యాంకు ఖాతా సంఖ్య అడిగినా ఆ ఫోను మాది కాదని గ్రహించి పెట్టివేయండి.

తీర్థప్రసాదాలకు ఎందరు కూర్చుంటారో కూడ చెప్పండి. ‘కుటుంబంతో వస్తాము’ అంటే ఇద్దరో, పన్నెండుమందో వంటవారికి తెలియదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు వస్తుంటే ఆ మాట వేరుగా చెప్పండి, బల్ల వేయిస్తాము. ఏ వివరమైనా తరువాత మారితే రసీదు సంఖ్య చెప్పి దిద్దించుకోవచ్చు. ఆరాధన ముందునాటి సాయంకాలం సంకల్పాల పట్టిక అర్చకుల చేతికి వెళుతుంది. ఆలోపల అందినవన్నీ అందులో చేరుస్తాము.